ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఉచిత సేవకు రుసుము ఎలా వచ్చి చేరింది

సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు (ఎంఎస్‌ఎంఈలు) ప్రభుత్వ గుర్తింపు పొందేందుకు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కోసం ప్రైవేటు వెబ్‌సైట్లకు డబ్బు కట్టి, ఆ తర్వాత అది పూర్తిగా ఉచితమని తెలుసుకున్న చిన్న వ్యాపారుల ఫిర్యాదులు మళ్లీ చర్చకు వచ్చాయి. అధికారిక పోర్టల్ ఒక్కటేననీ, రిజిస్ట్రేషన్ చేసే అధికారం మరే ప్రైవేటు వ్యవస్థకూ లేదనీ కేంద్ర ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖ చెబుతూనే ఉంది. తాము తీసుకుంటున్నది సేవా రుసుమేనని ఆ వెబ్‌సైట్లు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. ఇంట్లో కూర్చుని, కాగితమేదీ జతచేయకుండా పూర్తిచేయగలిగిన పనికి జనం డబ్బిచ్చి మరీ సాయం ఎందుకు కొనుక్కుంటున్నారన్నది మాత్రం రెండు వాదనల్లోనూ తేలదు.

ఈ వివాదానికి మూలం 2015 సెప్టెంబరు 18న వెలువడిన నోటిఫికేషన్‌లో ఉంది. అంతకుముందు, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం కింద, చిన్న పరిశ్రమ పెట్టదలచినవారు ప్రారంభానికి ముందు మెమొరాండం (సంస్థ వివరాల పత్రం) మొదటి భాగాన్నీ, ఉత్పత్తి మొదలయ్యాక రెండో భాగాన్నీ జిల్లా పరిశ్రమల కేంద్రంలో దాఖలు చేసేవారు. ఆ కేంద్రాల చుట్టూ తిరిగి చెప్పులరిగాయన్న మాటలో అతిశయోక్తి తక్కువే. 2015 నోటిఫికేషన్ దాని స్థానంలో ఒకే పేజీ ఉద్యోగ్ ఆధార్ మెమొరాండంను, స్వీయ ప్రకటనను తెచ్చింది. ఆన్‌లైన్ దాఖలు ఏ కారణంగానైనా వీలుకాకపోతే, నింపిన ఫారాన్ని జిల్లా కేంద్రానికి ఇస్తే అక్కడివారే దాఖలు చేయాలన్న వెసులుబాటు కూడా అందులో ఉంది, కానీ మినహాయింపుగా మాత్రమే. తిప్పుకునే గుమాస్తాతో పాటు, దరఖాస్తు చదివి ఇక్కడ తప్పు రాశావని చెప్పే అధికారి కూడా ఆ రోజుతో పక్కకు తప్పుకున్నాడు.

జిల్లా పరిశ్రమల కేంద్రాలు పుట్టింది రిజిస్ట్రేషన్ ముద్ర వేయడానికి కాదు. చిన్న, గ్రామీణ పారిశ్రామికులకు కావలసిన సేవలన్నీ ఒకే కప్పు కింద అందాలని జనతా ప్రభుత్వం 1977 డిసెంబరు నాటి పారిశ్రామిక విధాన ప్రకటనలో చెప్పింది. 1978 నుంచి కేంద్రాలు ఏర్పడ్డాయి. దరఖాస్తుదారును ఆ గడప తొక్కించింది ఎక్కువగా మెమొరాండమే కాబట్టి, అది ఆన్‌లైన్‌కు మారాక సలహా కోసమే అక్కడికి వెళ్లాలన్న ఆలోచన కొత్తవారికి రావడం కష్టం.

2020 జులై 1 నుంచి వచ్చిన ఉద్యమ్ విధానం ఈ లోటును గుర్తించకపోలేదు. ఆ ఏడాది జూన్ 26 నాటి నోటిఫికేషన్ ఎంఎస్‌ఎంఈ శాఖ సహాయ కేంద్రాలైన ఛాంపియన్స్ కంట్రోల్ రూములనూ, జిల్లా పరిశ్రమల కేంద్రాలనూ రిజిస్ట్రేషన్‌కు తోడ్పడే ఏకగవాక్ష (సింగిల్ విండో) వ్యవస్థలుగా పేర్కొంది. ఆధార్ లేనివారికి దాన్ని ఇప్పించే సాయం కూడా వాటి బాధ్యతే. ఈ సంగతి ఎందరికి తెలుసు? ఫోన్‌లో ఉద్యమ్ అని వెతికితే ముందుగా ఎదురయ్యేది చాలాసార్లు ప్రకటనే. పాత మెమొరాండం, ఉద్యోగ్ ఆధార్ ఉన్నవారంతా మళ్లీ నమోదు చేసుకోవాలన్న నిబంధన గడువు పలుమార్లు పొడిగింపు పొంది 2022 జూన్ 30 దాకా సాగింది. గడువు భయం ఉన్నచోట మధ్యవర్తికి గిరాకీ పుట్టడంలో వింతలేదు. పైగా ఫారం చిన్నదైనా, పారిశ్రామిక వర్గీకరణ కోడ్ ఎంచుకోవడం, పాన్, జీఎస్టీ వివరాలు సరిపోలడం, ఆధార్‌కు జోడించిన పాత ఫోన్ నంబరుకు ఓటీపీ వెళ్లిపోవడం వంటివి అలవాటు లేనివారిని అక్కడికక్కడే ఆపేస్తాయి.

పేరుకు ఐచ్ఛికమైనా, ఉద్యమ్ ధ్రువపత్రం లేకుండా గడవడం కష్టమవుతోంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో బకాయి చెల్లించాలన్న 2006 చట్టపు నిబంధనకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన తోడయ్యాక, గడువు దాటిన బకాయిని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాల్సి వస్తోంది. అందుకే ఇప్పుడు కొనుగోలు సంస్థలే సరఫరాదారుల ఉద్యమ్ నంబరు అడుగుతున్నాయి.

తెలంగాణలో పరిశ్రమలకు అనుమతులిచ్చే టీఎస్-ఐపాస్ విధానాన్ని చూస్తే తేడా తెలుస్తుంది. 2014 నాటి ఆ చట్టం కింద 200 కోట్ల రూపాయలు దాటిన మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులివ్వాలి. జాప్యం చేసిన అధికారికి రోజుకు 1,000 రూపాయల జరిమానా ఉంటుందని ప్రభుత్వం ప్రచారం చేసింది. అక్కడ గడువు అధికారి మెడకు ఉంది. లేత్ మెషీన్ షెడ్డు యజమాని ఉద్యమ్ ఫారం దగ్గర ఆగిపోతే జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరూ లేరు.

2023 జనవరిలో భారత చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు (సిడ్బీ) నిర్వహణలో ఉద్యమ్ అసిస్ట్ వేదిక మొదలైంది. బ్యాంకులు, సూక్ష్మరుణ సంస్థలు తమ ఖాతాదారుల తరఫున వివరాలు నమోదు చేసే ఏర్పాటు ఇది. ఫారం నింపడానికి పక్కన ఒక మనిషి కావాలని 2015 తర్వాత ప్రభుత్వం ఇంత స్పష్టంగా ఒప్పుకున్న సందర్భం మరొకటి కనిపించదు. అయితే ఈ వేదిక జీఎస్టీ పరిధిలోకి రాని అనధికారిక సూక్ష్మ సంస్థలకే పరిమితం. జీఎస్టీ ఉన్న చిన్న వ్యాపారికి నోటిఫికేషన్ చూపే చిరునామా ఇప్పటికీ జిల్లా పరిశ్రమల కేంద్రమే, అధికారిక పోర్టల్ కంటే ముందు ప్రకటన కంటపడేదీ అతనికే.