ఆపి ఉంచిన ప్రొజెక్టర్ 4కే టీవీకి ఎందుకు అడ్డుపడుతుంది?

ఒక పాఠకుడు ఇలా అడిగారు: "నా హోమ్ థియేటర్ ప్రాసెసర్‌కు రెండు అవుట్‌పుట్లు ఉన్నాయి. ఒకదానికి 4కే టీవీ, మరొకదానికి పాత 1080పీ ప్రొజెక్టర్ కలిపాను. ప్రొజెక్టర్‌ను ఆపేసి టీవీ ఒక్కటే చూస్తున్నా బొమ్మ 1080పీలోనే వస్తోంది. ప్రొజెక్టర్ కేబుల్ పీకేస్తే 4కే వస్తోంది. ఆగిపోయి ఉన్న పరికరం నడుస్తున్నదాన్ని ఎలా అడ్డుకుంటుంది?" ఈ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఎందుకంటే దీనికి సమాధానం తెరలోనూ లేదు, బొమ్మలోనూ లేదు. ఎవరూ తెరిచి చూడని ఒక చిన్న పత్రంలో ఉంది.

అసలు స్పీకర్లకు ధ్వని అందించడానికి కొన్న ప్రాసెసర్ పెట్టె బొమ్మ జోలికి ఎందుకు పోవాలి? వీటిని కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో డిస్క్ ప్లేయర్ నుంచి వచ్చే ధ్వనికి వేరే తీగ లేదు. 1080పీ బొమ్మలో మనకు కనిపించేది 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలే అయినా, కేబుల్‌లో ప్రయాణించే చట్రం (ఒక్కో పూర్తి బొమ్మ) కొలత 2200, 1125. ఒక గీత చివర నుంచి తర్వాతి గీత మొదటికి, తెర అడుగు నుంచి మళ్లీ పైకి, బొమ్మను గీసే కిరణం వెనక్కి రావడానికి పాత పిక్చర్ ట్యూబులకు కావలసి వచ్చిన విరామమే ఈ మిగులు. కిరణం పోయినా ఖాళీ మిగిలింది. మొత్తంలో దాదాపు 16 శాతం ఉన్న ఆ ఖాళీలోనే ధ్వనిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. కాబట్టి ధ్వని కావాలంటే ప్రాసెసర్ బొమ్మను మొత్తంగా అందుకుని, ధ్వనిని వేరుచేసుకుని, బొమ్మను మళ్లీ తెరకు పంపక తప్పదు.

అలా అది ప్లేయర్‌కూ తెరకూ నడుమ దుబాసీ అవుతుంది. ప్లేయర్ ముందుగా "నువ్వు ఏమేమి చూపగలవు?" అని అడుగుతుంది. అందుకు తెర ఇచ్చే జవాబు పేరు ఈడీఐడీ. దాన్ని పరిచయ పత్రం అనుకుందాం. తెరలోని ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉండే ఈ పత్రంలో మొదటి భాగం కేవలం 128 బైట్లు. ఒక సున్నా, ఆరు 255లు, మళ్లీ ఒక సున్నా: పత్రం మొదలైందని తెలిపే గుర్తు ఇది. ఒక బైట్‌కు 1990 కలిపితే సాధారణంగా తెర తయారైన సంవత్సరం వస్తుంది. మొత్తం 128 బైట్లనూ కూడితే వచ్చే సంఖ్య 256తో నిశ్శేషంగా భాగింపబడేలా చివరి బైట్‌ను ఎంచుతారు. దారిలో ఒక్క బైట్ చెడినా లెక్క తప్పి దొరికిపోతుంది.

1080పీ తెర పత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రెండు బైట్లు: 2, 58. 58ని 256తో గుణించి 2 కలిపితే 14850. దాన్ని పది కిలోహెర్ట్జ్‌ల లెక్కన చూస్తే 148.5 మెగాహెర్ట్జ్. ఇప్పుడు 2200ను 1125తో, ఆ లబ్ధాన్ని సెకనుకు 60 చట్రాలతో గుణించండి. సరిగ్గా 14,85,00,000 వస్తుంది. సెకనుకు ఎన్ని పిక్సెళ్ల గడులు కేబుల్‌లో దాటాలో ఆ రెండు బైట్లే చెబుతున్నాయి. స్థాన విలువను పిల్లలకు పది ఆధారంతో మాత్రమే చెప్పి వదిలేయకుండా ఇలాంటి ఉదాహరణ ఒక్కటి చూపిస్తే, 256 ఆధారం కూడా వాళ్లకు ఇట్టే అర్థమవుతుందని నా నమ్మకం.

దుబాసీ ఈ పత్రాన్ని ఉన్నదున్నట్టు ప్లేయర్‌కు అందించదు. టీవీ పత్రంలో ధ్వని గురించి రెండు చానళ్ల స్టీరియో అని మాత్రమే ఉంటే, అది చదివిన ప్లేయర్ అంతే పంపుతుంది. గదిలో ఏడు స్పీకర్లు ఉన్నా వృథా. అందుకే ప్రాసెసర్ బొమ్మకు సంబంధించిన వివరాలను తెర పత్రం నుంచి, ధ్వని వివరాలను తన సామర్థ్యం నుంచి తీసుకుని కొత్త పత్రం రాసి, చివరి బైట్‌ను మళ్లీ లెక్కగట్టి ప్లేయర్ ముందు పెడుతుంది. రెండు తెరలు ఉన్నప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. చాలా ప్రాసెసర్లు రెండు అవుట్‌పుట్లకూ ఒకే సిగ్నల్ పంపుతాయి కాబట్టి, ఇద్దరి తరఫునా మాట ఇవ్వవలసిన దుబాసీ, ఇద్దరూ నిలబెట్టుకోగల మాటనే ఇస్తుంది. టీవీకి ఉన్న 4కే, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింత బాగా చూపే పద్ధతి) ప్రొజెక్టర్‌కు లేవు గనుక అవి పత్రంలోకి ఎక్కవు. గమనించండి, ఇక్కడ ప్రాసెసర్ బొమ్మను కుదించలేదు. 4కే చూడగలవారు ఉన్నారని తెలియక ప్లేయరే 1080పీ పంపింది. కాపీరైట్ రక్షణ విషయంలోనూ ఇంతే: 4కే డిస్కులకు హెచ్‌డీసీపీ 2.2 అనే రక్షణ పద్ధతి కావాలి, ఆ సిగ్నల్ అందుకునే తెరల్లో ఒక్కటి దాన్ని ఎరగకపోయినా 4కే ఆగిపోతుంది.

మరి ప్రొజెక్టర్ ఆగి ఉంది కదా? హెచ్‌డీఎంఐలోని 19 పిన్నులలో 18వది పంపే వైపు నుంచి తెరకు 5 వోల్టులు మోసుకెళ్తుంది. తెర నిద్రలో ఉన్నా పరిచయ పత్రం చదవగలగడానికే ఆ ఏర్పాటు. చాలా తెరలు అదే వోల్టేజీని ఒక రెసిస్టర్ గుండా 19వ పిన్నుకు తిప్పి పంపి "నేనున్నాను" అని చెబుతాయి. కాబట్టి దీపం ఆరిన ప్రొజెక్టర్ కూడా దుబాసీ దృష్టిలో సభలో కూర్చున్నట్టే లెక్క.

ముందు టీవీ, తర్వాత ప్రాసెసర్, చివర ప్లేయర్ అనే వరుసను కొందరు మంత్రంలా పాటిస్తారు. ఆ వరుసకు నిజంగానే కారణం ఉంది, పై నుంచి కింది దాకా పత్రాలు సిద్ధమయ్యాకే ప్లేయర్ అడుగుతుంది. బంగారు పూత కేబుల్ వేస్తే రంగులు చిక్కబడతాయన్న నమ్మకానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. కేబుల్ సరిపోకపోతే తెరపై మెరుపు చుక్కలు కనిపిస్తాయి, లేదా బొమ్మే పోతుంది, రంగు వెలవెలబోదు.

పాఠకుడు కేబుల్ పీకనవసరం లేదు. ప్రాసెసర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను రెండింటికీ అని కాక టీవీకి మాత్రమే అని మారిస్తే చాలు. అప్పుడు ప్రాసెసర్ టీవీ ఒక్కదాని కోసం కొత్త పత్రం రాసి, ప్లేయర్ వైపున్న 19వ పిన్ను వోల్టేజీని కనీసం 100 మిల్లీసెకన్ల పాటు కిందికి దించుతుంది. తెర ఊడి మళ్లీ తగులుకుందని భావించి ప్లేయర్ పత్రాన్ని మొదటి సున్నా నుంచి తిరిగి చదువుతుంది. ఆ కాసేపు టీవీ నల్లగా ఉంటుంది. మళ్లీ వెలిగేసరికి బొమ్మ 4కేలో ఉంటుంది.