కనుమ దిగేటప్పుడు మూడు లీటర్ల నీళ్లు మరిగే వేడి

సామాను కట్టుకుని సైకిలు మీద రోజుల తరబడి తిరిగేవాళ్లు కనుమ ఎక్కడం గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. దిగడం గురించి అడిగేది ఒక్కటే: బ్రేకులు నొక్కిపట్టి నిదానంగా దిగాలా, పడుతూ వదులుతూ దిగాలా? నన్నడిగితే మొత్తం యాత్రలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

ముందు ఎక్కే లెక్క చకచకా చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు. ఎత్తు 1,000 మీటర్లు. కావలసిన శక్తి 981 కిలోజౌళ్లు. కాళ్లు నిలకడగా 150 వాట్లు ఇస్తే, టైర్లూ చైనూ తినేది పోను గంటకు 500 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. 8 శాతం వాలు మీద అది గంటకు 6.25 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో పెడల్ నిమిషానికి 70 చుట్లు తిరగాలంటే ముందు గేరు చక్రానికి 26 పళ్లు, వెనక దానికి 36 పళ్లు ఉండాలి. ముందూ వెనకా 34 పళ్లే ఉంటే చుట్లు 50కి పడిపోతాయి, ఆ భారం మోకాళ్ల మీద పడుతుంది.

ఎక్కడానికి ఖర్చయిన ఆహార శక్తిలో దాదాపు మూడొంతులు ఒంటి వేడిగా, చెమటగా దారిలోనే పోయింది. మిగిలిన పావు వంతే ఎత్తుగా మారి మీతో పాటు కనుమ మీద నిలబడి ఉంది. కిందికి వచ్చేసరికి ఆ 981 కిలోజౌళ్లూ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిందే. 20 డిగ్రీల నీళ్లు మూడు లీటర్లు మరిగే స్థితికి రావడానికి సరిపోయే వేడి అది. ఇటలీలోని స్టెల్వియో కనుమ మీంచి ప్రాటో వైపు దిగితే 48 హెయిర్‌పిన్ మలుపులు, 1,800 మీటర్ల దిగుడు. అక్కడ ఐదు లీటర్లు దాటుతుంది.

ఈ వేడిని పంచుకునేవి మూడే: టైర్లు, గాలి, బ్రేకులు. టైర్ల వాటా కొంచెమే. గాలి వాటా మాత్రం వేగాన్ని బట్టి విపరీతంగా మారుతుంది, ఎందుకంటే గాలి మింగే వాట్లు వేగపు ఘనం (వేగం × వేగం × వేగం) లెక్కన పెరుగుతాయి. మన 100 కిలోల సైకిలు 8 శాతం వాలు మీద ఉంది. గాలికి ఎదురయ్యే వైశాల్యాన్ని ఆకృతి గుణకంతో (ఆకారం గాలిని ఎంత అడ్డుతుందో చెప్పే అంకెతో) గుణిస్తే 0.5 చదరపు మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1 కిలో అనుకుందాం. బ్రేకు ముట్టకపోతే వేగం గంటకు 61 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. బ్రేకుతో 15 దగ్గర పట్టి ఉంచితే బ్రేకుల మీద 283 వాట్లు పడతాయి. 35 దగ్గర 473. 55 దగ్గర 213 మాత్రమే!

అంటే బ్రేకులకు అతి కష్టమైన వేగం నడిమిది. వదిలేస్తే చేరే గరిష్ఠ వేగాన్ని 1.73తో భాగిస్తే అది వచ్చేస్తుంది. మరి 15 దగ్గర సుఖమా అంటే కాదు. వాట్లు తగ్గినా 1,000 మీటర్లు దిగడానికి 50 నిమిషాలు పడుతుంది, మొత్తం వేడి 850 కిలోజౌళ్లకు చేరుతుంది. 35 దగ్గర అది 600 దాకా, 55 దగ్గర 175 లోపే. పైగా నెమ్మదిగా పోతే చల్లార్చే గాలి కూడా తక్కువ. అందుకని తెలియని మలుపులోకి 55తో దూసుకెళ్లమని కాదు. దారి స్పష్టంగా కనిపించే తిన్నని చోట బ్రేకు వదిలి, వెన్ను నిటారుగా పెట్టి, ఛాతీని గాలికి అడ్డం పెట్టండి. మలుపుకు ముందే, సైకిలు ఇంకా నిలువుగా ఉండగానే, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి 20కి దించండి. మలుపులో వదిలేయండి. రోడ్డు తడిగా ఉన్నా, కంకర ఉన్నా ఈ పద్ధతి కుదరదు. అప్పుడు నెమ్మదిగానే దిగి, మధ్యమధ్య ఆగి చల్లారనివ్వాలి.

55 నుంచి 20కి దించితే ఒక్కో మలుపుకు సుమారు 10 కిలోజౌళ్లు. రెండు అల్యూమినియం రిమ్ములు (చక్రపు అంచులు, రిమ్ బ్రేకులు పట్టేది వీటినే) కలిపి కిలో బరువుంటే వాటి వేడి 11 డిగ్రీలు పెరుగుతుంది. రెండు స్టీలు డిస్కులు (డిస్క్ బ్రేకులు పట్టే, చక్రం నడుమ ఉండే పళ్లేలు) కలిపి 240 గ్రాములే, అవి 80 డిగ్రీలకు పైగా ఎగబాకుతాయి. అయినా డిస్కే నయం. వేడెక్కినకొద్దీ త్వరగా చల్లారుతుంది, టైరుకు దూరంగా ఉంటుంది.

రిమ్ బ్రేకులతో చిక్కు ట్యూబు దగ్గర. 20 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ (గాలి పీడనపు కొలత) నింపిన టైరు 80 డిగ్రీలకు 87 అవుతుంది. ఆ పెరుగుదల ఒక్కటే ట్యూబును పేల్చదు. వేడికి ప్యాచ్ జిగురు వదలడం, రిమ్ లోపల ట్యూబు కింద ఉండే రిమ్ టేపు జరగడం, టైరు అంచు మెత్తబడి రిమ్ మీంచి లేవడం అసలు ప్రమాదాలు. కనుమ మీద గాలి పలచన కాబట్టి టైర్లు పేలతాయని, ఎక్కే ముందే గాలి తీసేయాలని ఒక నమ్మకం ఉంది. 2,500 మీటర్ల ఎత్తులో బయటి పీడనం తగ్గేది 4 పీఎస్ఐ లోపే. పైన చలి అందులోనూ కొంత కోసేస్తుంది. గాలి తీయకండి, మెత్తని టైరు మలుపులో ఒరిగిపోతుంది.

ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల్లో చూడాల్సింది ఆ ద్రవాన్నే. డాట్ 4 అనే రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి దిగవచ్చు. కొన్ని బ్రేకుల్లో దాని బదులు వాడే మినరల్ ఆయిల్ తేమ పీల్చదు, కానీ లోపలికి చేరిన నీటి బొట్టు కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) అడుగున కూర్చుని 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది గనుక లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు. అందుకే పెద్ద కనుమలున్న యాత్రకు ముందు ద్రవం మార్పించడం నా దృష్టిలో తప్పనిసరి పని. ప్యాడ్ల మీద మిగిలిన పదార్థం మిల్లీమీటరు కన్నా తక్కువుంటే అవీ మార్చండి. సామాను ఎక్కువైతే రెసిన్ (జిగురుతో చేసిన) ప్యాడ్ల కన్నా సింటర్డ్ (లోహపు పొడిని వేడితో ముద్ద చేసిన) ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి.

చేతులు కూడా బ్రేకులో భాగమే. చెమటతో తడిసిన ఒంటితో దిగడం మొదలుపెడితే పది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారి లివరు నొక్కలేవు. జాకెట్, గ్లవ్స్ చలి వేశాక కాదు, పైన ఆగిన వెంటనే వేసుకోవాలి.

వేడి డిస్కును వేలితో తాకి చూడకండి, ఒక్క నీటి చుక్క వేయండి. చుయ్యిమంటే 100 దాటినట్టే. సీసా మొత్తం కుమ్మరిస్తే డిస్కు వంకరపోతుంది. కిందికి చేరగానే చటుక్కున ఆగడం కూడా మంచిది కాదు. గాలి తగలడం ఆగిపోయి రిమ్ వేడంతా ట్యూబుకు పాకుతుంది, నిలబెట్టిన కాసేపటికి పేలవచ్చు. చదును మీద బ్రేకు ముట్టకుండా రెండు నిమిషాలు తొక్కి, అప్పుడు ఆగండి. ఆగాక లివరు వదిలేయండి. వేడి డిస్కును ప్యాడ్లు పట్టుకుని ఉంటే వాటి పదార్థం అక్కడే అచ్చులా అంటుకుని, మర్నాడు బ్రేకు పట్టిన ప్రతిసారీ చక్రం అదురుతుంది.