అరిగిన చాకుకు ఎంతివ్వొచ్చు?

అంగట్లో పాత మడత చాకు చేతికి రాగానే కొనేవాళ్లు ముందుగా బొటనవేలితో పదును చూస్తారు. దేవరకద్ర అయినా, దేవరకొండ అయినా ఇదే తంతు. "మొద్దువారింది గదనే" అని కొనేవాడంటే, "సాన వట్టిస్తె మంచిగ తెగుతది తియ్యే" అని అమ్మేవాడు అంటాడు. ఈ బేరంలో అమ్మేవాడి మాటే శాస్త్రానికి దగ్గర. పోయిన పదును సానరాయి మీద కాసేపటి పనితో తిరిగి వస్తుంది. స్విస్ చాకు, అంటే పిడిలోనే చిన్న పనిముట్లు ఇమిడి ఉండే మడత చాకులో, పళ్లపుల్ల, చిమటా పోయినా కొత్తవి విడిగా దొరుకుతాయి. వీటికి పెద్దగా ధర తగ్గించక్కర్లేదు. తిరిగి రానివి వేరే ఉన్నాయి. బేరమంతా వాటి మీదే జరగాలి.

మొదటిది అరిగిపోయిన ఉక్కు. చాకు బ్లేడు వెన్ను దగ్గర మందంగా ఉండి, అంచుకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది. వెన్ను 2 మిల్లీమీటర్లు, అంచుకు కాస్త పైన 0.4 మిల్లీమీటర్ల మందం, ఈ రెంటి మధ్య 14 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న బ్లేడును తీసుకుందాం. ఏళ్లకేళ్లు సాన పట్టి పట్టి ఎత్తులో 3 మిల్లీమీటర్లు పోయాయనుకోండి. అంచు ఇప్పుడు మందమైన చోటికి ఎక్కింది. దాని వెనక మందం 0.4 నుంచి సుమారు 0.74కు చేరింది, అంటే రెట్టింపుకు కొంచెమే తక్కువ. ఈ చాకు చేతిమీది వెంట్రుకలను గీస్తుంది గానీ ఉల్లిగడ్డను కొయ్యమంటే కొయ్యడం మాని చీలుస్తుంది. పదును ఉండి కూడా తెగని చాకులన్నిటిదీ దాదాపు ఇదే కథ.

ఎంత అరిగిందో తెలుసుకోవడానికి కొలబద్ద అక్కర్లేదు. చాకు తెరిచి, పిడిని ఆనుకుని బ్లేడు మొదలయ్యే చోటు చూడండి. సానరాయి సరిగ్గా అందని ఆ మూల కొద్దిగా పాత ఎత్తులోనే మిగిలిపోతుంది. అక్కడి నుంచి అంచు మెట్టు దిగినట్టు లోపలికి పోయి ఉంటే, ఆ మెట్టు లోతే పోయిన ఉక్కు. మొన వైపు కూడా చూడాలి. విరిగిన మొనను అరగదీసి మళ్లీ చెక్కితే బ్లేడు పొట్టిదవుతుంది, దాని గీత మొండిగా వంపు తిరుగుతుంది.

రెండోది గట్టిదనం. ఇది కంటికి కనపడదు, అందుకే మోసమూ ఇక్కడే ఎక్కువ. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే కార్బన్ పరమాణువులు ఇనుప అల్లికలోనే ఇరుక్కుపోతాయి. దాంతో ఉక్కు బాగా గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది కూడా. ఆ పెళుసు తగ్గించడానికి మళ్లీ సుమారు 200 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ తర్వాత అంతకు మించిన వేడి తగిలితే గట్టిదనం జారిపోతుంది. వెల్డింగ్ షాపులో కరెంటు గ్రైండర్ మీద చాకు పెడితే జరిగేది ఇదే: పలచటి అంచులో వేడి ఎటూ పోయే దారి లేక క్షణాల్లో పేరుకుంటుంది. మామూలు కార్బన్ ఉక్కు (స్టెయిన్‌లెస్ కానిది) అయితే దాదాపు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 300 దగ్గర నీలం రంగు కనిపిస్తాయి. అంచున నీలం చూస్తే నేను సగం ధర కూడా పెట్టను. పాలిష్ పట్టిస్తే రంగు పోతుంది గానీ పోయిన గట్టిదనం రాదు. అందుకే ఏళ్ల నాటి చాకు అద్దంలా మెరుస్తుంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

అయస్కాంతం తెచ్చి "అతుక్కుంది, ఇది స్టీలు కాదు" అనేవాళ్లు ఉంటారు. ఇలా కాల్చి గట్టిపరిచిన ఉక్కు ఏదైనా, స్టెయిన్‌లెస్ అయినా సరే, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అతుక్కోకపోతేనే ఆలోచించాలి. అది బహుశా అన్నం తినే స్టీలు పళ్లెం జాతి లోహం. అలా కాల్చినా గట్టిపడదు, పదును నిలవదు.

మూడోది తుప్పు. నల్లగొండ బత్తాయి తోటల్లో కార్బన్ ఉక్కు చాకు వాడితే నాలుగు కాయలు కోసేలోపే బ్లేడు మీద బూడిద, నలుపు మచ్చలు తేలతాయి. పండు పులుపు ఇనుముతో కలవడం వల్ల వచ్చే మరకలవి, నష్టమేమీ లేదు. గుడ్డతో తుడిస్తే ఎర్రటి పొడి అంటితే మాత్రం అది తుప్పు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెచ్చులుగా లేచి, కింద కొత్త ఇనుమును గాలికి వదులుతుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం పలచటి ఆక్సైడు పొర కట్టి కాపాడుతుంది. స్విస్ చాకుల ఉక్కులో అది 15 శాతం దాకా ఉంటుంది. అయితే పాలమూరు ఎండల్లో జేబులోని చెమట ఉప్పు ఆ పొరనూ అక్కడక్కడ పొడిచి గుంటలు చేయగలదు. గోరుతో గీస్తే గుంట తగులుతుంది. బ్లేడు నడిమధ్య ఉంటే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. అంచు దగ్గర ఉంటే సాన అక్కడిదాకా వచ్చిన రోజున పదునులో గంటు పడుతుంది.

కీలు సంగతి మన నేలను బట్టి ఉంటుంది. చెల్క మట్టిలో గ్రానైటు రాళ్ల నుంచి రాలిన క్వార్ట్జ్ రేణువులుంటాయి. అవి చాకు ఉక్కు కంటే గట్టివి. జేబు దుమ్ముతో పాటు కీల్లో చేరి, తెరిచి మూసినప్పుడల్లా లోపల అరగదీస్తాయి. మురికి బిగిసిన కీలు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, చుక్క మిషన్ ఆయిల్ వేశాక బ్లేడు పక్కలకు ఊగుతుందేమో చూడాలి. పల్లీ నూనె వద్దు, కొన్నాళ్లకు జిగటవుతుంది.

ఇదంతా వాడుకునేవాడి లెక్క. సేకరించేవాడు బ్లేడు మొదట్లో ఉన్న ముద్రను భూతద్దంతో చూస్తాడు. 1961 నుంచి 2008 దాకా స్విస్ సైనికులకు ఇచ్చిన చాకుల మీద తయారైన ఏడాది చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అమెరికాలో చాకులు చేసే కేస్ కంపెనీ 1970లో పేరు కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక చుక్క తీసేస్తూ వచ్చింది. ఏడు చుక్కలుంటే 1973 అన్నమాట. పాలిష్ ఈ ముద్రల అంచులను కరిగిస్తుంది. అమ్మేవాళ్లు మెరుపు కోసం ఖర్చు పెట్టి ధర పోగొట్టుకునేది ఇక్కడే.

ఇక పిడి. గేదె కొమ్ముది అయితే ఫరవాలేదు. అది గోరు, వెంట్రుకల జాతి పదార్థం. దుప్పి, కణితి కొమ్ములు అలా కాదు, అవి నిజంగా ఎముకే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని కొనడం, అమ్మడం నేరం. నల్లమల అంచున, అమ్రాబాద్ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా తాతల నాటి చాకు అలాంటి పిడితో బయటపడితే దాన్ని అంగడికి తేకూడదు.