పాముల కోసం మూసే రోడ్డు

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం దక్షిణపు కొసన, షానీ నేషనల్ ఫారెస్ట్‌లో నాలుగు కిలోమీటర్ల కంకర రోడ్డు ఒకటుంది. రికార్డుల్లో దాని పేరు ఫారెస్ట్ రోడ్ 345. జనం మాత్రం స్నేక్ రోడ్ అంటారు. ఏటా మార్చి 15 నుంచి మే 15 దాకా, మళ్లీ సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 30 దాకా ఆ రోడ్డు మీదికి ఒక్క బండిని కూడా రానివ్వరు. నడిచి వెళ్లేవాళ్లకు అడ్డేమీ లేదు. పాములు ప్రాణాలతో రోడ్డు దాటడానికి 1972లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది.

రోడ్డుకు తూర్పున సున్నపురాయి కొండ గోడ కట్టినట్టు నిటారుగా లేచి ఉంటుంది. కొన్నిచోట్ల దాని ఎత్తు 150 అడుగుల దాకా ఉంటుంది. పడమర వైపు లరూ అనే చిత్తడి నేల. పాముకు ఈ రెండూ కావాలి. వేసవిలో తిండంతా చిత్తడిలోనే. కప్పలు, చేపలు, ఎలుకలు, పురుగులు, ఏ పాముకు కావలసింది దానికి దొరుకుతుంది. చలికాలం వచ్చిందంటే అక్కడ నేల గడ్డకడుతుంది. పాముకు ఒంట్లో తనంతట తాను వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు కాబట్టి, గడ్డకట్టే పొర కన్నా లోతుకు వెళ్లి దాక్కుంటేనే అది బతుకుతుంది. చిత్తడిలో కాస్త లోతుకు వెళితే నీళ్లే. కొండరాతి పగుళ్లు అలా కాదు. లోపలికి చాలా దూరం పోతాయి, బయట మంచు పడుతున్నా అక్కడ వేడి పెద్దగా మారదు. పైగా ఆ కొండ ముఖం పడమరకు. మధ్యాహ్నం ఎండంతా రాయి మీదే పడుతుంది.

అందుకే చలికి ముందు చిత్తడి నుంచి కొండకు, వసంతంలో కొండ నుంచి చిత్తడికి ప్రయాణం. దూరం చాలా తక్కువ. వలస అనగానే వేల కిలోమీటర్లు ఎగిరే పక్షులే గుర్తొస్తాయి గానీ, దూరం తగ్గినంత మాత్రాన వలస అవసరం తగ్గదు. ఈ చిన్న ప్రయాణం ఆగిపోతే పాముకు మరుసటి ఏడాది ఉండదు.

దారి ఎలా తెలుస్తుందనేది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునే విషయం. పాము నాలుక ఊరికే ఆడించదు. గాలిలో, నేల మీద ఉన్న వాసన కణాలను నాలుకతో తీసుకుని, నోటి పైభాగంలో ఉండే జేకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. టింబర్ ర్యాటిల్ స్నేక్ (తోక చివర గిలక ఉండే విషపాము) పిల్లలు పెద్ద పాములు వెళ్లిన వాసన పట్టుకుని తమ మొదటి చలికాలపు గూటికి చేరతాయి. ఆ తర్వాత ఏటా అదే చోటికి వస్తాయి. అంటే ఒక పగులు ఎన్నో తరాల ఉమ్మడి ఆస్తి.

ఈ రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది కాటన్‌మౌత్. విషమున్న పాము, మన రక్తపింజరి కుటుంబానిదే. కాకపోతే దీనికి కన్నుకూ ముక్కుకూ మధ్య వేడిని పసిగట్టే గుంట ఉంటుంది. దగ్గరికి వెళితే చాలాసార్లు పారిపోదు. ఉన్నచోటే చుట్ట చుట్టుకుని, తోక వణికిస్తూ, నోరు బార్లా తెరుస్తుంది. లోపలంతా దూదిలా తెల్లగా ఉంటుంది. చూసినవాళ్లకు టెన్షన్ రావడం సహజమే. కానీ అది మీద పడటానికి కాదు, దూరంగా ఉండమని చెప్పడానికి. విట్ గిబన్స్, మైఖేల్ డార్కస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అడవిలోని కాటన్‌మౌత్‌లను కృత్రిమ చేతితో పట్టుకుని చూశారు. 2002లో ప్రచురించిన ఆ పరీక్షలో 36 పాముల్లో 13 మాత్రమే కాటేశాయి. ఇది ధైర్యం చేసి ముట్టుకోమని కాదు, పాము పగబట్టి వస్తుందన్న భయం మాత్రం అక్కర్లేదని.

బెదిరిస్తే మనిషి ఆగుతాడు, కారు ఆగదు. బండి దగ్గరికి రాగానే కదలకుండా బిగుసుకుపోయే పాములు కొన్ని ఉన్నాయి. డేగల నుంచి, నక్కల నుంచి కాపాడిన అలవాటే చక్రాల కింద చంపుతుంది. ఇల్లినాయిస్‌లో టింబర్ ర్యాటిల్ స్నేక్ ఇప్పటికే ముప్పులో ఉన్న జాతి. దాని ఆడపాము పిల్లలు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది, వచ్చాక కూడా ఏటా పెట్టదు. ఒక్కటి పోయినా ఆ లోటు పూడటానికి చాలా కాలం పడుతుంది. కెనడాలోని మానిటోబాలో నార్సిస్ దగ్గర వేల గార్టర్ పాములు ఇలాగే హైవే దాటుతూ చనిపోయేవి. అక్కడ రోడ్డు మూసే వీలు లేక, దాని కింద సన్నని సొరంగాలు వేసి, పాములు అటే వెళ్లేలా కంచె కట్టారు.

నాకు స్నేక్ రోడ్ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. దాదాపు ఖర్చు లేదు, పాము దారి మార్చుకోనక్కర్లేదు. మనకూ ఇది కొత్తేం కాదు. నల్లమలలో శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపుతారు. అది పులుల అడవి కోసం పెట్టిన నియమమే అయినా, రాత్రిపూట తిరిగే కట్లపాముకూ ఆ ఖాళీ రోడ్డు మేలే.

సెయింట్ లూయిస్ వైపు ఉండే తెలుగువాళ్లకు స్నేక్ రోడ్ కారులో సుమారు రెండు గంటల దూరం. అక్టోబరులో, చల్లటి రాత్రుల తర్వాత ఎండ బాగా కాసిన రోజు చూసుకుని వెళ్లండి. పాములు గుంపులుగా పారుతూ కనిపిస్తాయని మాత్రం అనుకోవద్దు. ఒక్కొక్కటే కనిపిస్తుంది, అదీ నెమ్మదిగా నడిచేవాళ్లకు. ఆకుల్లో కదలని చుట్టను, అంచున పురుగుల కోసం వెతికే సన్నని ఆకుపచ్చ పామును వేగంగా నడిచేవాళ్లు దాటి వెళ్లిపోతారు. పాములను పట్టడం, ముట్టుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. కొక్కేలు, పట్టకార్లు తీసుకెళ్లడానికీ వీల్లేదు. బూట్లు వేసుకుని, చెయ్యి పెట్టే చోటు ముందుగా చూసుకుని, రోడ్డు మధ్యలో పాము ఉంటే అది దాటేదాకా ఆగండి.