సి, డి, ఈ డ్రైవ్‌ల వెనుక 40 ఏళ్ల కథ

ఒంగోలులోనో కావలిలోనో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు తయారుచేసే డీటీపీ దుకాణంలో పాత కంప్యూటర్ తెరిస్తే తరచుగా కనిపించేది ఒకటే: సి డ్రైవ్ కింద ఎర్ర గీత, పక్కనే సగం కూడా నిండని డి, ఈ డ్రైవ్‌లు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇలాంటి యంత్రాలను విండోస్ 11కు మార్చుకోవాలనే ఆలోచన ఇప్పుడు చాలామందికి వస్తోంది. సి ఇరుకైపోవడానికీ, ఆ మార్పుకు అడ్డం పడేదానికీ మూలం ఒక్కటే. అది డిస్కును ముక్కలు చేసే అలవాటు. ఇందులో వాడేవారి తప్పేమీ లేదు. ఒకప్పుడు వేరే దారే లేదు.

1981 నాటి ఐబీఎం పీసీలో హార్డ్ డిస్కు ఉండేది కాదు. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకు పోయాయి. 1983లో పీసీ ఎక్స్‌టీతో 10 ఎంబీ హార్డ్ డిస్కు వచ్చినప్పుడు దానికి సి దక్కింది. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 2.0 ఆ డిస్కు మొదటి 512 బైట్లలో, ఏ భాగం ఎక్కడుందో చెప్పే విభజన పట్టికను రాసింది. అందులో ఉన్నవి నాలుగు గళ్లే, ఒక్కో గడికి ఒక్కో భాగం. ఒకే డిస్కు మీద వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేందుకు చేసిన ఏర్పాటు అది.

అయితే అప్పటి డాస్ ఒక్కో భాగంలో 32 ఎంబీకి మించి వాడుకోలేకపోయేది. డిస్కులు పెద్దవి కావడంతో 1987లో డాస్ 3.3 ఒక ఉపాయం పన్నింది. ఒక గడిని ఎక్స్‌టెండెడ్ భాగంగా మార్చి, దాని లోపల లాజికల్ డ్రైవ్‌లను పెట్టింది. డిస్కును విభజించే డాస్ సాధనం ఎఫ్‌డిస్క్‌తో ఒక్క ప్రైమరీ భాగమే, అంటే నేరుగా పట్టికలో గడి దక్కే భాగమే, చేయడానికి వీలుండేది. అందుకే డి, ఈ డ్రైవ్‌లు ఆ లోపలికి చేరాయి. తర్వాత హద్దు 2 జీబీకి పెరిగింది. 1996లో వచ్చిన ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరిక పద్ధతితో అదీ చెరిగిపోయింది.

అలవాటు మాత్రం నిలిచింది, అందుకు మంచి కారణమే ఉంది. ఫ్యాట్ పద్ధతిలో మార్పుల చిట్టా ఉండదు. తుపాను గాలికి కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఏదైనా రాస్తూ ఉంటే ఒక సిస్టమ్ ఫైల్ చెడిపోవచ్చు, విండోస్ 98 మళ్లీ లేవకపోవచ్చు. సి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడమే అప్పటి మందు. "ముఖ్యమైనవి డిలో వేసుకోండి, పోవు" అని మెకానిక్ చెప్పేది అందుకే. నా దృష్టిలో అది ఆ కాలానికి సరైన సలహా.

2001లో విండోస్ ఎక్స్‌పీ చిట్టా రాసుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని ఇళ్లకు తెచ్చింది. ఈ తరహా ప్రమాదం బాగా తగ్గింది, కానీ సికి కొద్ది జాగా మాత్రమే ఇచ్చే పద్ధతి మారలేదు. విండోస్ మాత్రం పెరుగుతూనే వచ్చింది. పాత భాగాలను దాచే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్, మెమరీకి తోడుగా ఉండే పేజ్ ఫైల్, ఆపేముందు మెమరీలోని పనిని దాచే హైబర్నేషన్ ఫైల్, కొత్త వెర్షన్ ఎక్కినప్పుడు మిగిలే పాత విండోస్ ఫోల్డర్, ఇవన్నీ మామూలుగా సిలోనే చేరతాయి. విండోస్ 11కు కనీసం 64 జీబీ నిల్వ కావాలి. జాగా కోసం ఈ ఫైళ్లను చేత్తో తుడిచేయడం ప్రమాదకరం. డిస్క్ క్లీనప్‌తో తొలగిస్తే ఏది తీయవచ్చో విండోసే చూసుకుంటుంది.

విండోస్ చెడితే బాగుచేసుకునే సాధనాలుండే, కంటికి కనబడని రికవరీ భాగానిదీ ఇదే ఇరుకు. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 భద్రతా అప్‌డేట్‌కు ఆ భాగంలో 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. అది లేని ఎన్నో కంప్యూటర్లలో అప్‌డేట్ ఎక్కనే లేదు.

నన్ను ఎక్కువగా బాధించేది ఫైళ్లు పోవడం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మామూలుగా సిలోనే ఉంటాయి. సి ఫార్మాట్ చేస్తే డెస్క్‌టాప్ మీది పెళ్లి ఫొటోలూ పోతాయి. డిలో దాచినవీ పూర్తిగా భద్రం కావు. వరద వస్తే మధ్యలో గట్టు ఉన్నా మడులు రెండూ మునిగినట్టు, డిస్కే చెడిపోతే సి, డి రెండూ పోతాయి.

ఇక విండోస్ 11 సంగతి. అది పాత బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐతో బూట్ అవుతుంది కనుక డిస్కు మీద ఎంబీఆర్ అనే ఆ పాత పట్టిక బదులు జీపీటీ అనే కొత్త తరహా విభజన పట్టిక ఉండాలి. డేటా చెరపకుండా మార్చే ఎంబీఆర్‌2జీపీటీ సాధనాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే విండోస్ 10లో చేర్చింది. కానీ ఎక్స్‌టెండెడ్ భాగం, లాజికల్ డ్రైవ్‌లు ఉన్న డిస్కును అది అంగీకరించదు. 1987 నాటి ఉపాయమే ఇప్పుడు అడ్డు నిలుస్తోంది. డి, ఈ డ్రైవ్‌లు లాజికల్ అయితే, ముందు వాటిలోని ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, తెరిచి సరిచూసుకోవాలి. లాజికల్ డ్రైవ్‌లనూ ఎక్స్‌టెండెడ్ భాగాన్నీ తొలగించాకే ఆ సాధనాన్ని నడపాలి.