గట్టు మీది కరివేపాకును నరకకండి: అపోహలు - వాస్తవాలు

బత్తాయి, నిమ్మ తోటల్లో తెగుళ్లు చూడటం నా పని. ఈ మధ్య ఏ ఊరు వెళ్లినా ఒకటే ప్రశ్న. "సార్, గట్టు మీద కరివేపాకు ఉంటే తోటకు గ్రీనింగ్ వస్తుందట కదా, కొట్టేయమంటారా?" గ్రీనింగ్ అంటే ఆకులు మచ్చలుగా పసుపెక్కి, కాయలు సరిగా పండక చెట్టు దెబ్బతినే బ్యాక్టీరియా తెగులు. ఎవరో ఫోనులో పంపిన ఒక్క మాటకు ఏపుగా కాసే చెట్లు నేలకూలుతున్నాయి.

అపోహ: బత్తాయికి గ్రీనింగ్ తెగులు కరివేపాకు నుంచే వస్తుంది.

వాస్తవం: ఇందులో నిజం సగమే. ఆ సగమే రైతును ముంచుతోంది. కరివేపాకు, కంచెగా పెంచే నాగగొలుగు పూల మొక్క, రెండూ నిమ్మ కుటుంబంలోవే. అందుకే తెగులును మోసే సిల్లా పురుగు వీటి లేత చిగుళ్ల మీద కూడా గుడ్లు పెడుతుంది. 3, 4 మిల్లీమీటర్ల పురుగు. తల వంచి, వెనుక భాగం పైకెత్తి ఏటవాలుగా వాలి ఉంటుంది. పిల్లపురుగులు తెల్లని మైనపు పోగులు వదులుతాయి. అయితే గ్రీనింగ్ బ్యాక్టీరియా కరివేపాకులో నిలవదు. ఆ చెట్టు మీద పుట్టిన పురుగు సాధారణంగా రోగంతో పుట్టదు. ఎక్కువగా తెగులు పట్టిన బత్తాయి లాంటి చెట్టు రసం పీల్చాకే దానికి బ్యాక్టీరియా అంటుతుంది, ఇక బతికినన్నాళ్లూ మోస్తుంది.

నల్గొండ వైపు ఒక పెద్దాయన కంచె వెంట ఉన్న కరివేపాకు వరుస మొత్తం కొట్టించి, తోట నడుమ ఒక కొమ్మ పసుపెక్కిన బత్తాయిని మాత్రం "నాలుగు కాయలిస్తోంది కదా" అని ఉంచుకున్నారు. దాని కాయలు ఒక పక్కకు ఒరిగి, అడుగున పచ్చగానే మిగిలాయి. లోపల గింజలు తాలువి. జబ్బు అక్కడే ఉంది. ఆయన అది జింకు లోపమనుకుని రెండేళ్లుగా జింకు కొడుతూనే ఉన్నారు.

ఈ జింకు సంగతి గట్టిగా చెప్పాలి. ముదురాకు ఒకటి తెంపి, వెలుతురుకు పట్టి, నడి ఈనెకు రెండు వైపులా పోల్చండి. జింకు లోపమైతే ఈనెల మధ్య పసుపు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్ మచ్చలు ఒక వైపున్నట్టు రెండో వైపు ఉండవు. తెగులు పట్టిన చెట్టుకు జింకు లోపం కూడా తోడవుతుంది కాబట్టి అనుమానం వస్తే ఆకులో బ్యాక్టీరియా ఉందో లేదో ల్యాబులో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించండి. నయం చేసే మందు లేదు. జబ్బు చెట్టును తీసేయాలి, చిగురు వేసే రోజుల్లో సిల్లాను అదుపు చేయాలి. కొత్త అంట్లు కొనేటప్పుడు అంటు కట్టిన కన్ను (మొగ్గ) ఏ చెట్టు నుంచి తీశారో అడగండి. తెగులు కొత్త తోటలోకి వచ్చే పెద్ద దారి అదే. చౌకగా దొరికాయని తెచ్చిన అంట్లతో ఏళ్ల కష్టం పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నాగగొలుగు మాట వేరు. అందులో బ్యాక్టీరియా కనిపించిన సందర్భాలున్నాయి, కాబట్టి బత్తాయి తోటకు దాన్ని కంచెగా వేయకండి.

అపోహ: కరివేపాకు వేప జాతి. కాదు. ఆకును వెలుతురుకు పట్టండి, నిమ్మాకులో ఉన్నట్టే సన్నని నూనె చుక్కలు కనిపిస్తాయి.

అపోహ: అమెరికాలో ఉన్న పిల్లలకు పెట్టెలో నాలుగు రెబ్బలు పెడితే ఏమవుతుంది? ఆ చిగుళ్లలో సిల్లా గుడ్లుంటే కంటికి ఆనవు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అక్కడి నారింజ తోటలు ఆ దెబ్బకు కుదేలయ్యాయి. అందుకే విమానాశ్రయంలో తాజా కరివేపాకును లాగేసుకుంటారు. అక్కడి దుకాణంలో కొనుక్కోమనండి.