వేదిక మీద ఇచ్చే చెక్కు పరిహారం కాదు: అపోహలు, వాస్తవాలు

గోదావరి జిల్లాల నిర్మాణదారుల మహాసభల్లో సేవా కార్యక్రమాల బాధ్యత కొన్నేళ్లుగా నాదే. రక్తదానం, కంటి పరీక్షలు, కూలీల పిల్లలకు పుస్తకాలు, పనిలో ప్రాణం పోయినవారి కుటుంబాలకు ఆర్థిక సాయం. ఈ చివరి దాని దగ్గర ఏటా అదే మాట వినబడుతుంది, ఏటా నాకు అంతే కోపం వస్తుంది.

అపోహ: సంఘం సాయం పుచ్చుకుంటే ఇక పరిహారం అడగకూడదు.

ఎవరు పుట్టించారో గానీ శుద్ధ అబద్ధం. రాజమహేంద్రవరం సభలో అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ కార్మికుడి భార్యను వేదిక మీదికి పిలిస్తే రాలేదు. వెతుక్కుంటూ వెళితే భోజనాల పందిరి వెనక కూర్చుని ఉంది. "ఈ చెక్కు తీసుకుంటే కేసు పోతుందన్నారండీ. తీసుకోమంటారా, మానేయమంటారా?" అని అడిగింది. కొంగు ముడిలోంచి నాలుగు మడతల స్టాంపు కాగితం తీసి చూపించింది. 'మాకు రావలసినదంతా ముట్టింది, ఇకపై ఏ హక్కూ లేదు' అని రాసి ఉంది. కింద ఆమె వేలిముద్ర, సిరా కాస్త అలుక్కుపోయి. యజమాని వైపు నుంచి ముట్టింది 30 వేలు. అవి కర్మకాండలకే సరిపోలేదు.

అమ్మా, ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు ఏ ఒప్పందం రాయించుకున్నా చెల్లదని చట్టమే చెబుతోంది. సంఘం ఇచ్చేది మా సానుభూతి. యజమాని ఇవ్వవలసినది బాకీ. ఆ బాకీ ఎంతో లెక్క చూడండి: నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. 40 ఏళ్ల మనిషికి గుణకం 184.17. జీతం 15 వేలుగా తీసుకుంటే 13,81,275 రూపాయలు. 30 వేలు ఎక్కడ, ఇది ఎక్కడ!

తోటి బిల్డర్లకూ ఒక మాట. ప్రాణం పోయిన కేసులో పరిహారాన్ని కుటుంబం చేతికి ఇవ్వకూడదు, కార్మిక శాఖలో పరిహారం చూసే అధికారి దగ్గర జమ చేయాలి. చేతికిచ్చింది, చట్టం అనుమతించిన కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, లెక్కలోకి రాదు. నెల దాటితే వడ్డీ కూడా పడుతుంది. "మేస్త్రీ తెచ్చిన మనిషి, నాకేం సంబంధం?" అనడం కుదరదు. ముందు మీరు కట్టి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి.

అపోహ: సెస్సు కట్టాం కాబట్టి మా కూలీలందరికీ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు రక్షణ ఉంది.

నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు బోర్డు నిధికి వెళుతుంది. అందులోంచి సాయం పొందాలంటే కార్మికుడు పేరు నమోదు చేసుకుని ఉండాలి, సభ్యత్వం నడుస్తూ ఉండాలి. గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు అర్హులు. బోర్డు సభ్యత్వ కార్డు తీసుకుంటే బియ్యం కార్డు పోతుందని భయపడేవారున్నారు. బియ్యం కార్డుకు ఆదాయం, భూమి, కారు, కరెంటు వాడకం వంటివి చూస్తారు, ఈ కార్డును కాదు.

అపోహ: రక్తమిస్తే బరువు మోయలేం.

ఇచ్చేది సాధారణంగా 350 మిల్లీలీటర్లు. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే మగవారు మూడు నెలలకొకసారి ఇవ్వవచ్చు. ఆ రోజు మాత్రం పరంజా ఎక్కవద్దు, ఎవరు ఎక్కమన్నా. పొద్దున శిబిరం, మధ్యాహ్నం స్లాబు పని పెట్టే సైట్ల నుంచి దాతలను మేం తీసుకోం.

ఆమె చెక్కు తీసుకుంది, పరిహారానికి దరఖాస్తూ పెట్టింది. మొదట అడ్డం వచ్చిన ప్రశ్న, 'మీ ఆయన అక్కడే పనిచేశాడని రుజువేమిటి?' మేస్త్రీ హాజరు పుస్తకంలో ఆయన పేరు ఎదుట గీసిన టిక్కులే చివరికి రుజువయ్యాయి. అందుకే ఈసారి మహాసభలో మా బల్ల దగ్గరికి వచ్చే ప్రతి కూలీకీ చెబుతున్నాం: వారానికొకసారి ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. ప్రమాదం జరిగిన ఇంటివారైతే ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, ఆధార్ నకళ్లు తెచ్చుకోండి. దరఖాస్తు మేమే రాసిస్తాం, రుసుము లేదు. బల్ల భోజనాల పందిరికి వెళ్లే దారిలోనే ఉంటుంది.